ఇత్తడి బిళ్ళ మీది పేరు

మా ఇంట్లో గ్రామఫోను మొదటినుంచీ నాకు సవతే. కాపురానికి వచ్చిన రోజు నన్ను కూర్చోబెట్టడానికి ఇల్లంతా కుర్చీ వెతికారు గాని, అది మాత్రం ముందుగదిలో టేకు బల్ల మీద దర్జాగా కూర్చుని ఉంది. నల్లబడిన చెక్క పెట్టె, దాని మీద ఇంత నోరు తెరుచుకున్న ఇత్తడి బూర. ఆ బూరలో మొహం చూసుకుని బొట్టు దిద్దుకోవచ్చు, అంత మెరుపు. పెట్టె ముందు భాగంలో ఒక చిన్న ఇత్తడి బిళ్ళ బిగించి ఉండేది. కంపెనీ పేరు ఉండాల్సిన చోటు అది. ఆ బిళ్ళ మీద మాత్రం ఒక్క అక్షరం లేదు. అరిగిపోయిన కాణీలా నున్నగా ఉండేది.

మా మామగారు రైల్వేలో పనిచేశారు. గోదావరి పక్కనుంచి ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చిన మనిషి. లాలాగూడ క్వార్టర్సులో ఉండగా, దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక దొర సామాను అమ్మేస్తుంటే దీన్ని తెచ్చుకున్నారట. అందరూ కుర్చీలూ బీరువాలూ తెచ్చుకుంటే ఈయన పాటలపెట్టె భుజాన వేసుకొచ్చారని మా అత్తగారు చివరిదాకా సాధించారు. ఏ దేశంలో చేశారండీ అని అడిగితే మామగారు “యూరపుది” అనేవారు, యూరపంటే నాంపల్లి పక్కనున్న పేట అన్నట్టు. అంతకు మించి ఆయనకీ తెలియదు.

మా ఆయన యూనివర్సిటీలో ఫిజిక్సు చెప్పేవారు. ధ్వని పాఠం వచ్చినప్పుడల్లా ఆ గ్రామఫోన్ని దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తార్నాక నుంచి క్యాంపస్‌కి మోసుకెళ్ళేవారు. గతుకు వస్తే చాలు, డ్రైవర్ని మెల్లగా మెల్లగా అని బతిమాలేవారట. పురిటికి నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళినప్పుడు కూడా అంత బతిమాలలేదు. క్లాసులో కీ ఇచ్చి, ప్లేటు మీద ముల్లు పెట్టి, సౌండ్ బాక్సులో పల్చటి రేకు ఎలా వణుకుతుందో, ఆ వణుకు బూరలోంచి పాటై ఎలా బయటికొస్తుందో చూపించేవారు. పిల్లలు బెంచీలెక్కి చూసేవాళ్ళట.

ఒకసారి అడిక్‌మెట్‌లో రూము తీసుకుని చదువుకుంటున్న ఒక విద్యార్థి లేచి, సార్ దీన్ని ఎవరు చేసిన్రు అని అడిగాడు. ఈయన రేపు చెప్తానన్నారు. ఆ రేపు రానే లేదు. ఆ విద్యార్థి పీహెచ్‌డీ చేశాడు, అదే డిపార్టుమెంటులో ప్రొఫెసరయ్యాడు, అతని జుట్టు కూడా నెరిసింది. ఎదురుపడినప్పుడల్లా మా ఆయనే ముందుగా సంజాయిషీ చెప్పుకునేవారు, “ఇంకా తెలియలేదయ్యా” అని. “ఎవరో చేశారు” అనే మాట ఈయనకి గిట్టదు. మనిషి చేసిన వస్తువుకి మనిషి పేరు లేకపోవడం ఏమిటని ఈయన బాధ.

రిటైరయ్యాక ఈ పిచ్చి ముదిరింది. పొద్దున్నే ఇద్దరం క్యాంపస్‌లోకి నడకకి వెళ్ళేవాళ్ళం. చెట్ల కింద పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న పిల్లల్ని చూస్తూ నేను నడిచేదాన్ని. జర్మనీ వాళ్ళ మోటార్లు ఎలా ఉంటాయో, స్విట్జర్లాండ్ వాళ్ళ స్ప్రింగులు ఎలా ఉంటాయో చెప్పుకుంటూ ఆయన నడిచేవారు. ఇంటికి రాగానే కంప్యూటరు ముందు కూర్చుని ప్రపంచంలో ఉన్న పాత గ్రామఫోన్ల ఫొటోలన్నీ చూసేవారు. చేయి ఒంపు దానిలా ఉంది, బూర అంచు మాత్రం అలా లేదు. ఇడ్లీలు చల్లారిపోయేవి. నాకు ఒళ్ళు మండేది. ఆ చేసినవాడు ఎప్పుడైనా మీకోసం ఇలా వెతికాడా అని దెప్పేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు.

తర్వాత తలనొప్పులు మొదలయ్యాయి. ఎండకు తిరుగుతున్నారని నేను, కళ్ళజోడు మార్చాలని ఆయన అనుకున్నాం. తీరా చూస్తే మెదడులో గడ్డ. కోసి తీయగలిగిన చోట లేదన్నారు. డాక్టరమ్మ చాలా నెమ్మదిగా చెప్పింది. ముందు మాటల కోసం తడుముకుంటారట. తర్వాత మనుషుల్ని పోల్చుకోలేరట. ఎంత త్వరగా అన్నది చెప్పలేమంది. తిరిగొస్తుంటే తార్నాక మెట్రో కింద సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. బస్సుల హారన్ల మోతలో ఆయన నా చెవి దగ్గరికి వంగారు.

“ఏమోయ్, బుర్ర ఉండగానే దాన్ని ఎవరు చేశారో తెలిస్తే బాగుణ్ణు.”

నా ఒంట్లో రక్తం సలసలా కాగింది. నువ్వేమైపోతావో అన్న మాట లేదు, దూరాన కాపురం ఉంటున్న మా పిల్లదాని ఊసు లేదు, చెక్కపెట్టె మీద బెంగ పెట్టుకున్నాడీ మనిషి. ఇంటికొచ్చి వంటింట్లో గిన్నెలన్నీ దడేలుదడేలున పడేశాను. ఆ తర్వాత ఏడ్చాను. ఏడుపు అయ్యాక కూర్చుని ఆలోచిస్తే తెలిసింది, ఆయన నన్ను ఇంకేమీ అడగలేదు. ఇదొక్కటే అడిగారు. గడ్డని నేనేమీ చేయలేను. ఈ పని మాత్రం, ఆయనకి అర్థమయ్యే తెలివి ఉండగానే, ఎలాగైనా చేసిపెట్టాలని పంతం పట్టాను.

పాత వస్తువుల సంగతి బాగా తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడని వారాసిగూడలో తెలిసినవాళ్ళు చెప్తే, బతిమాలి ఇంటికి పిలిపించాను. ఆయన గుమ్మంలోంచే చూసి పెదవి విరిచాడు. దగ్గరికొచ్చి బూర మీద వేలితో తట్టాడు, బిళ్ళ మీద గోటితో గీశాడు. అసలైన పాత ఇత్తడి ఇలా మెరవదనీ, పేరు లేని బిళ్ళ ఉందంటేనే అర్థమైపోవాలనీ, హోటళ్ళలో అలంకారానికి పెట్టడానికి ఉత్తరాదిలో ఇలాంటివి కుప్పలుగా చేస్తారనీ చెప్పాడు. నకిలీ మాల్ అన్నాడు. టీ తాగి వెళ్ళిపోయాడు. మా ఆయన గేటు దాకా వెళ్ళి మర్యాదగా సాగనంపి వచ్చారు.

“నకిలీదాన్ని పెట్టుకుని అంతమంది పిల్లలకి పాఠం చెప్పానా?” అన్నారు కుర్చీలో కూర్చుంటూ.

ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడూ మాట్లాడలేదు. అప్పటికే మాటలు ఒకటీ అరా జారిపోతున్నాయి, చెంచాని “కలిపేది” అనడం మొదలుపెట్టారు. మిగిలిన కాసిన్ని మాటల్ని కూడా ఇలా మౌనానికి ధారపోస్తున్నారే అని నా ప్రాణం ఉసూరుమనేది. ఆ పెద్దమనిషిని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

అప్పుడు లాలాపేట్‌లో ఉండే మా పెద్దాడపడుచు, తమ్ముణ్ణి చూడటానికి గోంగూర పచ్చడి పట్టుకుని వచ్చింది. జరిగింది చెప్తే ఆవిడ ఫక్కున నవ్వింది.

“మెరవకేం చేస్తుందమ్మాయ్? ఏటా ఆయుధపూజకి అమ్మ చింతపండూ ఇటుకపొడీ పెట్టి దాని తోలు ఊడిపోయేలా తోమించేది.”

రైల్వే వాళ్ళ ఇళ్ళలో ఆయుధపూజ ఎంత ఘనంగా చేస్తారో నాకూ తెలుసు. మామగారి పనిముట్లు, సైకిలు, కుట్టుమిషను వరసగా పెట్టి, వాటి సరసన ఈ గ్రామఫోన్ని కూడా పెట్టేవారట. తిరిగేది ఏదైనా యంత్రమే, యంత్రమన్నాక పూజ చేయాల్సిందే అని మా అత్తగారి లెక్క. పైగా ఇత్తడి కనిపిస్తే చింతపండు పట్టించకుండా ఉండలేకపోవడం మా వాళ్ళ చేతులకున్న జబ్బు. దీపపు సెమ్మెలు తోమిన చేత్తోనే బూరనీ తోమారు. బూర అత్తగారి వంతు. ముల్లు పట్టుకునే చేయి ఆడపడుచు వంతు.

“బిళ్ళ వీడి వంతు,” అంది ఆవిడ, తమ్ముణ్ణి చూపిస్తూ. “చిన్నది కదా, చిన్నవాడికి ఇచ్చేది అమ్మ. బొటనవేలితో రుద్దీ రుద్దీ చచ్చేవాడు. ఇంకా మెరవాలి నాన్నా, ఇంకా మెరవాలి అని పక్కన కూర్చునేది.”

దాని మీద అక్షరాలేమైనా ఉండేవా అని అడిగాను. ఉండేవట. మెలికలు మెలికలుగా, ఇంగ్లీషులా లేని ఏవో అక్షరాలు, ఇంట్లో ఎవరికీ చదవడం వచ్చేది కాదు. దసరా దసరాకీ పల్చబడుతూ వచ్చి, ఒక ఏడు అసలు కనపడడం మానేశాయట. ఇప్పుడు అచ్చంగా అద్దంలా వచ్చిందని అత్తగారు మురిసిపోయి, దాని మీద పసుపు రాసి కుంకుమ పెట్టి, వీడికి మాత్రం గారెలు ఎక్కువ వడ్డించిందని ఆవిడ నవ్వుతూనే చెప్పుకుపోతోంది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన తన కుడిచేతి బొటనవేలు చూసుకుంటున్నారు.

“నేనే చెరిపేశానా అక్కా?”

ఆవిడ నవ్వు ఆగిపోయింది. చిన్నపిల్లాడివిరా, నీకేం తెలుసని, అమ్మకే తెలియదు కదా అని ఏదేదో సర్దిచెప్పబోయింది. ఆయన వినలేదు. ఎవడో తన పేరు రాసుకుంటే నేను పండగ చేసుకుంటూ తుడిచేశాను, జీవితమంతా దాన్నే వెతికాను అని ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ అన్నారు. అని భోరున ఏడ్చారు. అక్క లేచి ఆయన తల పట్టుకుని తన పొట్టకి ఆనించుకుంది. ఆయన ఏడుస్తున్నది ఆ పేరు కోసమో, మెరిసిందని మెచ్చుకున్న తల్లి కోసమో నాకు తెలియలేదు.

నకిలీ అన్న మాట మాత్రం ఆ రోజుతో పోయింది. ఇక మిగిలింది పేరు. పైన లేకపోతే లోపల మోటారు మీదైనా ఏదో ఒక గుర్తు ఉండకపోతుందా అని నాకు తట్టింది. చిక్కేమిటంటే, దాన్ని ఇంతవరకూ ఎవరూ విప్పలేదు. లోపలి స్ప్రింగు చుట్ట ఊడి ఎగిరితే కళ్ళు పోతాయని మామగారు ఎక్కడో విని, దాని మరల జోలికి ఎవరినీ పోనిచ్చేవారు కాదు. ఫిజిక్సు చదివి, ఫిజిక్సు చెప్పి, రిటైరైన మా ఆయన కూడా తండ్రి మాట దాటలేదు. విప్పిద్దామండీ అంటే, “నాన్న వద్దన్నారుగా” అన్నారు బెదిరిపోయి.

“పైన మామగారు కనపడి అడిగితే నా పేరు చెప్పండి,” అన్నాను విసుగ్గా. అన్నాక నాలిక కరుచుకున్నాను. ఆయన మాత్రం నవ్వారు, చాలా రోజుల తర్వాత.

ఆయన శిష్యుడికి, ఆ అడిక్‌మెట్ రూము మనిషికి ఫోన్ చేశాను. మాట పూర్తికాకముందే వస్తున్నానన్నాడు. కారు తెచ్చి గ్రామఫోన్ని వెనకసీట్లో పెట్టుకున్నాడు. మా ఆయన తనూ వస్తానని పట్టుబట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందుసీట్లో కూర్చున్నారు. క్యాంపస్ రోడ్డు ఎక్కాక అద్దం దించి రెండు పక్కలా చెట్లని చూస్తూనే ఉన్నారు. డిపార్టుమెంటు ల్యాబులో శిష్యుడు ముందు ప్లేటు తిరిగే పళ్ళేన్ని పైకి ఎత్తి తీశాడు, తర్వాత మరలు విప్పి మోటార్ని జాగ్రత్తగా బల్ల మీదకు దించాడు. స్ప్రింగు ఏ ఆగడమూ చేయలేదు. ముద్దకట్టిన పాత గ్రీజుని మెత్తటి గుడ్డతో తుడిస్తే, ఇనప చట్రం మీద చిన్న గంట బొమ్మ, దాని కింద రెండు అక్షరాలు, కొన్ని అంకెలు బయటపడ్డాయి.

“ఉన్నది సార్, గీడ ఉన్నది,” అన్నాడు శిష్యుడు.

మా ఆయన వంగి చూశారు. ఆ గంట బొమ్మ మీద బొటనవేలు పెట్టబోయి, చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

ఈలోగా ఎమ్మెస్సీ పిల్లలు చుట్టూ మూగారు. పిల్లల్ని చూడగానే ఈయనకి ప్రాణం లేచొచ్చింది. సౌండ్ బాక్సు చేతిలోకి తీసుకుని పైకెత్తి చూపిస్తూ, “దీన్ని... దీన్ని ఏమంటామంటే...” అన్నారు. మాట రాలేదు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ రాలేదు. బతుకంతా చెప్పిన పాఠం. పిల్లలు కదలకుండా ఎదురుచూస్తున్నారు. అప్పుడు శిష్యుడు ఆయన చేతి కింద చెయ్యి ఆనించి, సార్ చెప్తున్నది ఈ రేకు గురించి అని అందుకుని, ఒకప్పుడు తను విన్న పాఠాన్ని సారు ఎలా చెప్పారో అలాగే చెప్పుకుపోయాడు. మా ఆయన మధ్యమధ్య తల ఊపుతూ విన్నారు. నేను అక్కడ నిలబడలేక వరండాలోకి వచ్చేశాను.

ఆ గుర్తు ఫొటోలు తీసి, యూరప్‌లో ఇలాంటివి సేకరించేవాళ్ళందరికీ పంపించాడు శిష్యుడు. “గుర్తు దొరికింది గదమ్మా, పేరు గూడ దొరుకతది. జర టైం పడతది,” అన్నాడు. మా దగ్గర లేనిదల్లా అదేనని అతనికీ తెలుసు.

అక్కణ్ణుంచి పొద్దున్న లేవగానే ఆయన మొదటి మాట “వచ్చిందా?” అని. కాఫీ తాగుతూ వచ్చిందా, అన్నం తింటూ వచ్చిందా. ఇంకా రాలేదండీ అనీ అనీ నా నోరు నొప్పెట్టేది. అబద్ధం చెప్పేద్దామా అనిపించింది కూడా. నోరు తిరగని పేరొకటి అల్లి చెప్తే కాదనేదెవరు? కానీ పేరుతో ఊరుకునే మనిషి కాదు. ఏ ఊరు, ఎంతమంది అన్నదమ్ములు, ఇప్పుడు వాళ్ళ పిల్లలేం చేస్తున్నారు అని అడుగుతారు. అసలు ఆ మనిషికి దొంగ పేరు చెప్పడమంటే, అన్నంలో మన్ను కలిపి పెట్టడమే. నా వల్ల కాలేదు.

రోజులు గడిచేకొద్దీ మాటలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. కిటికీ అనే మాట పోయింది, చెప్పులు అనే మాట పోయింది. అక్క వస్తే లేచి నిలబడి, మేడం అన్నారు. ఆవిడ ఇంటికెళ్ళి రెండు రోజులు మంచం దిగలేదట. అయినా “వచ్చిందా” అన్న మాట మాత్రం పోలేదు. అది ఉన్నంతవరకూ మనిషి ఉన్నట్టేనని నాకు నేను చెప్పుకున్నాను. అలాంటిది ఒకనాడు కాఫీ తాగేసి, ఎదురింటి వాళ్ళ నీళ్ళ ట్యాంకు వైపు చూస్తూ ఊరుకున్నారు. సాయంత్రందాకా కాచుకున్నాను. అడగలేదు. మర్నాడు ఇక నేనే ఉండబట్టలేక, “ఇంకా రాలేదండీ” అన్నాను.

“ఏమిటీ?” అన్నారు.

ఏం లేదన్నాను. మేడ మీదికి వెళ్ళి ఎండిన బట్టలు తీస్తున్నట్టు చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

వచ్చింది ఆ తర్వాత. ఒక సాయంత్రం శిష్యుడు క్యాంపస్ నుంచి తిన్నగా మా ఇంటికొచ్చాడు. ఫోన్ చేసి చెప్పొచ్చు, చెప్పకుండా పరుగెత్తుకొచ్చాడు. యూరప్‌లో ఎక్కడో ఒక పెద్దాయన పాత కార్ఖానాల గుర్తులన్నీ వెతికి, ఆ గంట ఎవరిదో పట్టుకున్నాడు. అన్నదమ్ములు నడిపిన చిన్న కార్ఖానా. గంట వాళ్ళ ఊరి గుర్తు. మోటారు, చెక్కపని, బూర అన్నీ అక్కడివే. శిష్యుడు ఆ పేరు చదివి, ఎలా పలకాలో కూడా చెప్పాడు. ఆ పేరు నేనిక్కడ రాయను. అది తెలియాల్సిన మనిషి ఒక్కరే.

నాకు ముందు సంతోషం రాలేదు, కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ ఏ గుడ్డిగుర్రానికి పళ్ళు తోముతున్నారు వీళ్ళంతా అని. ఆ తర్వాత ఏమో, ఏ మూలో ఇంకా వినపడుతుందేమో అనిపించి, ముందుగదిలో ఆయన కుర్చీ దగ్గరికి వెళ్ళి కింద కూర్చున్నాను. రెండు చేతులూ పట్టుకుని, తెలిసిందండీ అని చెప్పి, ఆ పేరుని నిదానంగా, గట్టిగా చెప్పాను. ఆయన నా పెదాల వైపు చూశారు. ఆయన పెదాలు కదిలాయి. ఆ పేరు పలికారు. తప్పు లేకుండా పలికారు.

ఆయన చూపు నన్ను దాటి గుమ్మం వైపు వెళ్ళింది. అక్కడ శిష్యుడు నిలబడి ఉన్నాడు. మా ఆయన నా చేతులు విడిపించుకుని, కుర్చీ పట్టుకుని కష్టపడి లేచారు. లేచి, తన శిష్యుడికి చేతులు జోడించారు.

“రండి రండి. మీరు చేసిన మిషనేనండీ ఇది. భద్రంగా ఉంది.” మాట కోసం వెతుక్కున్నారు. “మీ పేరు... నేనే తుడిచేశాను. చిన్నప్పుడు. తెలియక. ఏమీ అనుకోకండి.”

శిష్యుడు నా వైపు చూశాడు. లోపలికొచ్చి, జోడించిన ఆ చేతుల్ని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు.

“ఏమనుకోను సార్,” అన్నాడు. “ఇంత మంచిగ మేం గూడ సూసుకోకపోదుము. మీరు కూసోండ్రి.”

ఆయన కూర్చున్నారు. జబ్బు పేరు విన్న రోజు నుంచీ ఆ మొహంలో నేను చూడని నిమ్మళం కనపడింది. అలా కాసేపు అతన్నే చూసి, నా వైపు తిరిగారు.

“అమ్మా, ఈయన చాలా దూరం నుంచి వచ్చారు. కాస్త కాఫీ ఇప్పిస్తారా?”

ఎవరింటికో వెళ్ళి ఆ ఇంటావిడని అడిగినట్టు, మొహమాటంగా అడిగారు. శిష్యుడు తల వంచుకున్నాడు. అలాగేనండీ అని, నేను వంటింట్లోకి వెళ్ళి పాలు పెట్టాను.